తెరపై రన్‌వే, బయట పొగమంచు: సింథటిక్ విజన్‌తో అప్రోచ్ చేయడం ఎలా

సిమ్యులేటర్ గదిలో లైట్లు ఆర్పి కూర్చున్నాం. ఎడమ సీట్లో ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (పరికరాలనే చూసి విమానం నడిపే అర్హత) కోసం శిక్షణ పొందుతున్న కుర్రాడు, వెనుక స్టూలు మీద నేను. ఐఎల్ఎస్ అప్రోచ్, అంటే రన్‌వే దగ్గరి రేడియో సంకేతాలను పట్టుకుని దిగడం, చక్కగా చేస్తున్నాడు. ఎడమ కుడి దారి చూపే లోకలైజర్, దిగే వాలు చూపే గ్లైడ్ స్లోప్ సూదులు రెండూ మధ్యలోంచి కదలడం లేదు. అతను కిందికి దిగుతుండగా నేను దృశ్యమానతను 200 మీటర్లకు తగ్గించాను. "మినిమమ్స్" అని యంత్రం గొంతు పలికింది, అంటే బయట ఏమీ కనిపించకపోతే దిగడం ఆపాల్సిన ఎత్తు వచ్చిందని. అతను ఆగలేదు. "రన్‌వే కనిపిస్తోంది సార్" అంటూ ఇంకా దిగుతున్నాడు. "ఎక్కడ బాబూ?" అని అడిగాను. అతని చూపుడు వేలు నేరుగా ప్యానెల్ మీది తెరను తాకింది. తెరపై రన్‌వే అంకెతో సహా తళతళలాడుతోంది. కిటికీలో మాత్రం పాలు ఒలకబోసినట్టు తెల్లదనం తప్ప ఏమీ లేదు.

తెలివైన విద్యార్థి, చెయ్యి కూడా నిలకడైనది. సింథటిక్ విజన్, అంటే కంప్యూటర్ తెరపై గీసే బయటి ప్రపంచం బొమ్మ, అంత నమ్మకంగా ఉంది కాబట్టే మోసపోయాడు. ఈ మార్గదర్శి రాయడానికి ఆ వేలే కారణం. ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్‌కు చదువుతున్నవారికి, ఇంట్లో సిమ్యులేటర్‌పై శ్రద్ధగా సాధన చేసేవారికి ఇది పనికొస్తుంది. ఉదాహరణలన్నీ శిక్షణ విమానాల్లో ఎక్కువగా కనిపించే గార్మిన్ జీ1000 ప్యానెల్‌ను, 90 నాట్ల వేగంతో దిగే సెస్నా 172 తరహా విమానాన్ని దృష్టిలో పెట్టుకుని ఇస్తున్నాను. మీ విమానం హ్యాండ్‌బుక్‌లో దీనికి భిన్నంగా ఉంటే హ్యాండ్‌బుక్ మాటే చెల్లుతుంది.

ముందుగా, ఆ బొమ్మ ఎక్కడి నుంచి వస్తుంది?

సింథటిక్ విజన్‌లో కెమెరా లేదు. మూడు సమాచారాలు కలిస్తే ఆ బొమ్మ తయారవుతుంది. విమానం ఎక్కడుందో జీపీఎస్ చెబుతుంది. ముక్కు ఎటు తిరిగి ఉంది, రెక్కలు ఎంత వాలాయి అన్నది ఏహెచ్ఆర్ఎస్ అనే పరికరం చెబుతుంది. ఆ చోట నేల ఎలా ఉంటుందో ముందే నింపి పెట్టిన డేటాబేస్ చెబుతుంది. కంప్యూటర్ ఈ మూడింటినీ కలిపి కొండలు, చెరువులు, టవర్లు, రన్‌వేలు గీస్తుంది. మిట్టమధ్యాహ్నమైనా, అమావాస్య రాత్రైనా, దట్టమైన పొగమంచైనా బొమ్మలో తేడా రాదు. దాని బలం అదే. దాని బలహీనత కూడా అక్కడే ఉంది: రన్‌వే మీద ఈ క్షణంలో ఒక ట్రాక్టర్ ఆగి ఉన్నా ఆ బొమ్మకు తెలియదు. అది చూసి చెప్పడం లేదు, గుర్తు తెచ్చుకుని చెబుతోంది.

ఆ జ్ఞాపకం పోగుపడటం వెనుక పెద్ద శ్రమ ఉంది. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ అంతరిక్ష నౌక 11 రోజులు భూమి చుట్టూ తిరిగి రాడార్‌తో నేల ఎత్తుపల్లాలను కొలిచింది. ఉత్తరాన 60 డిగ్రీల నుంచి దక్షిణాన 56 డిగ్రీల వరకు, భూభాగంలో దాదాపు 80 శాతం ఆ కొలతల్లోకి వచ్చింది. అంతకంటే ముందే, నేలను ఢీకొనే ప్రమాదం గురించి హెచ్చరించే పరికరాన్ని రూపొందించిన డాన్ బేట్‌మన్ అనే ఇంజనీరు, సోవియట్ యూనియన్ కూలిపోయాక అక్కడి సైనిక పటాలను కొనిపించి తన డేటాబేస్‌ను నింపుకున్నాడు. ఒకప్పుడు రహస్యంగా దాచిన ఆ పటాలు ఆ తర్వాత ప్రయాణికుల ప్రాణాలు కాపాడటానికి ఉపయోగపడ్డాయంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. 1995 డిసెంబరు 20న కొలంబియాలోని కాలి నగరానికి దిగుతున్న బోయింగ్ 757 చీకట్లో కొండను ఢీకొని 159 మంది చనిపోయారు. విమానంలో ఏ లోపమూ లేదు. తాము ఏ లోయలో ఉన్నామో పైలట్లకు తెలియలేదు, అంతే. సింథటిక్ విజన్ పుట్టింది ఇలాంటి ప్రమాదాలను ఆపడానికే. నాసా 2001లో కొలరాడోలోని ఈగిల్ విమానాశ్రయంలో, చుట్టూ కొండల మధ్య, తన 757తో దీన్ని పరీక్షించింది. 2008లో జీ1000లోకి రావడంతో చిన్న విమానాలకూ అందింది.

దీనికి దగ్గరి చుట్టంలాంటిది ఇంకొకటి ఉంది, రెండింటినీ కలగాపులగం చేయకండి. విమానం ముక్కుపై ఇన్‌ఫ్రారెడ్ కెమెరా పెట్టి, అది చూసిన దృశ్యాన్ని పైలట్ కళ్ల ఎదుట అద్దంపై చూపేదాన్ని ఈఎఫ్‌వీఎస్ అంటారు. అది నిజంగా చూస్తుంది. అయితే వేడిని బట్టి చూస్తుంది కాబట్టి, వేడి తక్కువగా వెలువరించే ఎల్ఈడీ లైట్లను సరిగా పట్టుకోలేకపోవచ్చు. విమానాశ్రయాలు పాత బల్బులు తీసి ఎల్ఈడీలు పెడుతున్న కొద్దీ ఇది పెద్ద తలనొప్పిగా మారింది. ఖరీదైన బిజినెస్ జెట్లలో రెండింటినీ కలిపి చూపే తెరలు కూడా ఉన్నాయి. మీ సెస్నాలో ఉన్నది మాత్రం జ్ఞాపకం ఒక్కటే.

నియమం ఏమంటోంది

సాధారణ కేటగిరీ 1 ఐఎల్ఎస్ అప్రోచ్‌కు నిర్ణయం తీసుకునే ఎత్తు నేల నుంచి 200 అడుగులు. రన్‌వే పక్కన పరికరాలు కొలిచే ఆర్‌వీఆర్, అంటే రన్‌వే వెంట కనిపించే దూరం, కనీసం 550 మీటర్లు ఉండాలి. సింథటిక్ విజన్ ఉందని ఈ అంకెలు ఒక్క అడుగు కూడా తగ్గవు. అమెరికాలో మాత్రం, ప్రత్యేకంగా ధ్రువీకరించిన సింథటిక్ విజన్ గైడెన్స్ వ్యవస్థ, ప్రత్యేక అనుమతి రెండూ ఉంటే 150 అడుగుల వరకు దిగే వీలు కల్పించారు. శిక్షణ విమానంలోని తెరకు అది వర్తించదు. ఇన్‌ఫ్రారెడ్ ఈఎఫ్‌వీఎస్ సంగతి వేరు. అమెరికా నియమాలు 2016లో మారాక, తగిన పరికరం, శిక్షణ ఉన్న పైలట్ ఆ దృశ్యం ఆధారంగా నేలను తాకే వరకు దిగవచ్చు. ఆ తేడా ఎందుకంటే, కెమెరా ఈ క్షణంలో ఉన్నదాన్ని చూస్తోంది.

"మరి జనవరిలో ఢిల్లీలో 50 మీటర్ల ఆర్‌వీఆర్‌లో విమానాలు దిగుతున్నాయి కదా?" అని ప్రతి బ్యాచ్‌లో ఎవరో ఒకరు అడుగుతారు. దిగుతాయి. అది కేటగిరీ 3బి. అక్కడ విమానాన్ని దింపేది ఆటోపైలట్. నేల మీది ఐఎల్ఎస్ సంకేతం, రన్‌వే లైట్లు, విమానంలోని పరికరాలు, పైలట్ల శిక్షణ, అన్నీ ఆ స్థాయికి ధ్రువీకరించి ఉండాలి. కేటగిరీ 1 సదుపాయమే ఉన్నచోట డిసెంబరు, జనవరి ఉదయాల్లో పొగమంచు కమ్మితే పరిస్థితి వేరు. గన్నవరం, రాజమహేంద్రవరం వెళ్లాల్సిన విమానాలు గాల్లో చక్కర్లు కొట్టి, చివరికి వేరే ఊరికి మళ్లిన వార్తలు మనం ఏటా చదువుతూనే ఉంటాం. ఆ విమానాల తెరలు ఎంత ఆధునికమైనవైనా వెనుదిరగక తప్పదు.

ఐఎల్ఎస్ లేని చోట ఉపగ్రహాల సాయంతో చేసే ఎల్‌పీవీ అప్రోచ్ ఉంటుంది. ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి రూపొందించిన గగన్ వ్యవస్థ జీపీఎస్ పొరపాట్లను సరిదిద్ది ఈ వీలు కల్పిస్తోంది. 2022 ఏప్రిల్ 28న రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో ఒక ఏటీఆర్ 72 విమానం గగన్ ఆధారంగా ఎల్‌పీవీ అప్రోచ్ చేసి దిగింది. చిన్న ఊళ్ల విమానాశ్రయాలకు ఇది నిజంగా మంచి కబురు.

మొదటి అడుగు: ఇంజిన్ మొదలుపెట్టక ముందే

జీ1000కు కరెంటు ఇవ్వగానే కుడి తెరపై డేటాబేస్‌ల జాబితా, వాటి గడువు తేదీలు కనిపిస్తాయి. చాలామంది చదవకుండానే బటన్ నొక్కేస్తారు. మీరు అలా చేయకండి. నావిగేషన్ డేటా 28 రోజులకోసారి మారుతుంది. అడ్డంకుల డేటా, అంటే టవర్లు, పొగ గొట్టాలు వగైరా, 56 రోజులకోసారి మారుతుంది. నేల ఎత్తుల డేటా చాలా అరుదుగా మారుతుంది, కొండలు కదలవు కాబట్టి. గడువు మీరిన అడ్డంకుల డేటాతో వెళితే, మొన్న కొత్తగా లేచిన సెల్ టవర్ మీ తెరపై ఉండదు. తాజా డేటాలో కూడా ప్రతి టవరూ ఉంటుందన్న హామీ లేదు.

నేల డేటా ఎంత సన్నగా ఉందో కూడా తెలుసుకోండి. జీ1000లో సింథటిక్ విజన్ పనిచేయాలంటే కనీసం 9 ఆర్క్ సెకన్ల డేటా కావాలి. అంటే దాదాపు 280 మీటర్లకు ఒక కొలత. ఆ దూరంలో ఒక చిన్న గుట్ట నున్నగా చదునైపోవచ్చు.

తర్వాత నోటామ్‌లు, అంటే పైలట్లకు ఇచ్చే తాజా హెచ్చరిక ప్రకటనలు. రన్‌వే మూసి ఉన్నా, దాని మొదలును కొంత ముందుకు జరిపినా, పక్కన క్రేన్ నిలబెట్టినా తెర పాత బొమ్మనే గీస్తుంది. పెన్సిల్‌తో చార్టు మీద రాసుకోండి. కాగితం మీద రాసినది గాల్లో గుర్తుంటుంది.

రెండో అడుగు: తెరను సిద్ధం చేయడం

ఎడమ తెర కింద పీఎఫ్‌డీ బటన్, అందులో సిన్ విజ్, దానిలో సిన్ టెర్. ఇది నొక్కితే కొండలు వస్తాయి. పక్కనే పాత్‌వే బటన్ ఉంటుంది, అది నొక్కితే మీరు వెళ్లాల్సిన దారి గాల్లో వరుస పెట్టెల్లా కనిపిస్తుంది. కొత్తలో ఆ పెట్టెలను ఆపేసి ఎగరమని నా సలహా. అవి వీడియో గేమ్‌లా కళ్లను లాగేస్తాయి, సూదులు చూసే అలవాటు పాడవుతుంది. అలవాటు బలపడ్డాక పెట్టుకోండి.

ఇప్పుడు తెరపై మూడింటిని గుర్తుపట్టాలి. మొదటిది తెల్లటి క్షితిజ రేఖ. మీ విమానం ఎత్తు అదే. ఆ గీత కంటే పైకి లేచిన కొండ మీకంటే ఎత్తైనది, గీత కిందే ఉన్నది మీకంటే తక్కువ. రెండోది ఫ్లైట్ పాత్ మార్కర్. రెక్కలున్న చిన్న ఆకుపచ్చ వలయం. ముక్కు ఎటు చూస్తోందన్నది దానికి పట్టదు. విమానం నిజంగా ఎటు వెళుతోందో అక్కడ నిలుస్తుంది. ఆ వలయం కొండ మీద ఉంటే, ఏమీ మార్చకపోతే మీరు చేరేది ఆ కొండకే. మూడోది రంగులు. మీకంటే ఎత్తున్న నేల, లేదా మీ కింద 100 అడుగుల లోపు ఉన్న నేల ఎరుపు. 100 నుంచి 1000 అడుగుల లోపు ఉన్నది పసుపు. చుట్టూ కొండలున్న విశాఖపట్నం లాంటి చోట మేఘంలో దిగుతున్నప్పుడు ఈ మూడూ ఎంత ధైర్యాన్నిస్తాయో అనుభవిస్తేనే తెలుస్తుంది. సింథటిక్ విజన్‌ను నేను మనస్ఫూర్తిగా ఇష్టపడేది ఇందుకే. "నేనెక్కడున్నాను?" అన్న ప్రశ్నకు ఒక్క చూపులో జవాబు దొరుకుతుంది. మెదడులో మిగిలిన చోటు మిగతా పనులకు దక్కుతుంది.

మూడో అడుగు: ఆల్టిమీటర్

ఎత్తు చూపే ఈ పరికరంలో అప్పటి గాలి పీడనం సరిగ్గా పెట్టాలి. ఇది చిన్న పని, కానీ దీని దగ్గర కాస్త ఆగుదాం. 2022 మే 23న పారిస్ చార్లెస్ డి గాల్ విమానాశ్రయంలో వర్షంలో ఒక ఎయిర్‌బస్ ఏ320 ఉపగ్రహ ఆధారిత అప్రోచ్ చేస్తోంది. కంట్రోలర్ వాతావరణ పీడనం 1001 అని చెప్పాల్సింది, 1011 అన్నారు. పైలట్లు అదే పెట్టుకున్నారు. 10 హెక్టాపాస్కల్ తేడా అంటే దాదాపు 280 అడుగులు. ఆ అప్రోచ్‌లో కిందికి దిగే దారిని ఆల్టిమీటరే నిర్ణయిస్తుంది. సూదులన్నీ సరిగ్గా ఉన్నట్టే చూపించాయి. విమానం మాత్రం రన్‌వే ఇంకా రాకముందే నేలకు 6 అడుగుల ఎత్తు వరకు దిగి, అప్పుడు పైకి లేచింది. అందరూ బతికారు.

ఇందులో మనకు పనికొచ్చే విషయం ఒకటుంది. జీ1000 తెరపై నేల బొమ్మ జీపీఎస్ ఎత్తును బట్టి గీసుకుంటుంది, ఆల్టిమీటర్ అంకె గాలి పీడనాన్ని బట్టి వస్తుంది. రెండూ వేర్వేరు దారుల్లో వచ్చిన సాక్ష్యాలు. అలాంటి అప్రోచ్‌లో పీడనం ఎక్కువగా పెట్టి దిగుతుంటే సూదులు మధ్యలో ఉంటాయి, కానీ ఆకుపచ్చ వలయం రన్‌వేకు ముందున్న పొలాల్లో కూర్చుంటుంది. ఆ పొందిక కుదరకపోతే ఆగి ఆలోచించండి. కాకపోతే ఎండాకాలంలో కొద్దిపాటి తేడా మామూలే. గాలి బాగా వేడెక్కితే ఆల్టిమీటర్ చూపేదానికంటే మీరు నిజంగా కొంచెం ఎత్తులో ఉంటారు.

కాబట్టి క్యూఎన్‌హెచ్, అంటే ఆల్టిమీటర్‌లో పెట్టాల్సిన పీడనం అంకె, విన్నాక తిరిగి చదవండి. విమానాశ్రయ వాతావరణాన్ని రేడియోలో వినిపించే ఏటిస్‌లో విన్న అంకెతో పోల్చండి. ఫైనల్ అప్రోచ్ మొదలయ్యే చోట గ్లైడ్ స్లోప్‌ను ఎంత ఎత్తులో దాటాలో చార్టులో అచ్చై ఉంటుంది. ఆ ఎత్తు, మీ ఆల్టిమీటర్, తెరపై బొమ్మ, మూడూ ఒకే మాట చెప్పాలి.

నాలుగో అడుగు: దిగడం

అప్రోచ్‌ను ఎంపిక చేశాక, మీరు దిగాల్సిన రన్‌వే చుట్టూ తెల్లటి పెట్టె గీత వస్తుంది. అంకె సరిచూసుకోండి. సమాంతర రన్‌వేలున్న చోట ఎడమది, కుడిది తారుమారు కావడం పెద్ద వింతేమీ కాదు.

గ్లైడ్ స్లోప్ పట్టుకున్నాక ఆకుపచ్చ వలయాన్ని క్షితిజ రేఖకు 3 డిగ్రీలు కింద, రన్‌వే మొదలు దాటాక ఉండే తాకే చోటు మీద నిలపండి. 90 నాట్ల నేల వేగానికి నిమిషానికి 450 అడుగుల చొప్పున దిగాలి. నేల వేగాన్ని 5తో హెచ్చిస్తే ఈ అంకె వస్తుంది, జెట్ అయినా ఇదే లెక్క. వలయం చోటు మారగానే మీ దారి మారుతోందని తెలుస్తుంది. సూది కదలడానికి ముందే ఆ కబురు అందుతుంది. సూదుల వెంట పరుగెత్తే అలవాటున్న విద్యార్థులకు ఇది వరం.

అయినా పెద్దరికం సూదులదే. లోకలైజర్, గ్లైడ్ స్లోప్ నేల మీది యాంటెన్నాల నుంచి వస్తున్న సంకేతాలు, ఆ రన్‌వే దగ్గరే పుట్టినవి. బొమ్మ రన్‌వే ఎడమకు ఉందంటే, సూది కుడికి ఉందంటే సూదినే నమ్మండి. ఆ తేడా ఎందుకు వచ్చిందో అర్థం కాకపోతే అప్రోచ్ వదిలేయండి.

ఆర్‌వీఆర్ కనీసం కంటే తక్కువని 1000 అడుగులకు చేరకముందే చెబితే అక్కడి నుంచి కిందికి దిగకూడదు. "ఒకసారి చూసొద్దాం" అన్న మాటకు అక్కడ చోటు లేదు.

ఇక పక్కగాలి. కుడి నుంచి 15 నాట్ల గాలి వీస్తుంటే, 90 నాట్ల వేగంలో విమానం ముక్కును దాదాపు 10 డిగ్రీలు కుడికి తిప్పి పట్టుకోవాలి. తెరపై రన్‌వే మధ్యలో ఉండదు, ఎడమకు జరిగి ఉంటుంది. ఆకుపచ్చ వలయం కూడా దాని మీదే ఎడమకు ఉంటుంది. దీన్ని మనసులో ముద్రించుకోండి. తల ఎత్తినప్పుడు లైట్లు సరిగ్గా అక్కడే, ముక్కుకు ఎడమ వైపే కనిపిస్తాయి. ఎక్కడ వెతకాలో ముందే తెలిసిన కన్ను సగం సమయంలో పట్టుకుంటుంది. పొగమంచులో ఈ తెర చేసే గొప్ప సాయం, నా దృష్టిలో, ఇదే.

ఐదో అడుగు: 200 అడుగుల దగ్గర

ఇక్కడ లెక్క వేసి చూద్దాం, ఎందుకంటే ఆ కుర్రాడి వేలు తప్పిపోయింది ఇక్కడే.

మీరు 200 అడుగుల ఎత్తులో, 3 డిగ్రీల వాలులో ఉన్నారు. ఆర్‌వీఆర్ సరిగ్గా 550 మీటర్లు. రన్‌వే మొదలు ఇంకా దాదాపు 870 మీటర్ల దూరంలో ఉంది. అంటే రన్‌వే కనిపించదు. కనిపించే అవకాశమే లేదు. మీ ముందున్న నేలలో మొదటి 230 మీటర్లు విమానం ముక్కు కింద దాక్కుంటాయి, చూపు 15 డిగ్రీల వరకే కిందికి పోతుందనుకుంటే. మిగిలింది 230 మీటర్ల నుంచి 550 మీటర్ల వరకు ఉన్న ఒక చిన్న పట్టీ. ఆ పట్టీలో ఏముంటాయి? 30 మీటర్లకొకటి చొప్పున పది అప్రోచ్ లైట్ల వరుసలు, అంతే. రన్‌వేకు 300 మీటర్ల ముందుండే లైట్ల అడ్డపట్టీ కూడా ఇంకా కొద్దిగా అవతలే ఉంటుంది. అర క్షణం తర్వాత అది మంచులోంచి బయటపడుతుంది.

అదే క్షణంలో తెరపై ఏముంది? మొదలు నుంచి చివరి వరకు పూర్తి రన్‌వే. దాని వెనుక ఊరు, ఆ వెనుక కొండలు. మనసు ఎటు మొగ్గుతుందో చెప్పనక్కరలేదు.

కాబట్టి 300 అడుగుల దగ్గర చూపును తెర నుంచి కిటికీకి మార్చడం మొదలుపెట్టండి. ఇద్దరు పైలట్లుంటే ఒకరు లోపల, ఒకరు బయట. ఒక్కరే ఉంటే ఆటోపైలట్‌ను వాడుకోవడానికి సంకోచించవద్దు. లోపలి నుంచి బయటికి వచ్చిన చూపు కుదురుకోవడానికి ఒకటి రెండు క్షణాలు పడుతుంది. 200 అడుగుల నుంచి నేల వరకు మీకున్నది దాదాపు 25 సెకన్లు. 140 నాట్లతో దిగే జెట్‌కు 17.

ఇంకొక చిక్కు. ఆ చిన్న తెరలో చాలా వెడల్పైన దృశ్యాన్ని కుదించి చూపిస్తారు. అందువల్ల బొమ్మలో రన్‌వే నిజం కంటే దూరంగా, చిన్నదిగా అనిపిస్తుంది. బొమ్మను చూస్తూ ఫ్లేర్ (నేలను తాకే ముందు ముక్కు కాస్త పైకెత్తడం) చేద్దామనుకుంటే ఆలస్యం చేసి నేలను కొడతారు. కళ్ల ఎదుట అద్దంపై చూపే హెడ్‌అప్ డిస్‌ప్లేలో మాత్రమే బొమ్మ, బయటి ప్రపంచం ఒకదానిపై ఒకటి సరిగ్గా అమరుతాయి.

200 దగ్గర అప్రోచ్ లైట్లు స్పష్టంగా కనిపించి, విమానం వాటి గీత మీదే కదులుతుంటే కొనసాగండి. అమెరికా నియమం ప్రకారం అప్రోచ్ లైట్లు మాత్రమే కనిపిస్తే నేలకు 100 అడుగుల వరకే దిగవచ్చు. ఆ లైట్లలోని ఎర్ర పట్టీలు గానీ రన్‌వే గుర్తులు గానీ స్పష్టపడితేనే అక్కడి నుంచి ముందుకు. ఏమీ కనిపించకపోతే పూర్తి పవర్, ముక్కు పైకి, విమానం ఎత్తు పుంజుకుంటోందని చూసుకుని ఫ్లాప్స్, ఆ తర్వాతే రేడియో. ఈ దశలో సింథటిక్ విజన్ మళ్లీ మీ మిత్రుడు. మిస్డ్ అప్రోచ్ దారిలో, అంటే దిగకుండా మళ్లీ పైకి వెళ్లే దారిలో, కొండ ఎక్కడుందో, వలయం దాని పైనుంచి పోతోందో లేదో చూపిస్తుంది.

బొమ్మ తప్పు చెప్పే వేళలు

జీపీఎస్ పోతే బొమ్మ మాయమై పాత నీలం, గోధుమ రంగు తెర మిగులుతుంది. అది మంచిదే, తప్పు జరిగిందని మీకు వెంటనే తెలుస్తుంది. అసలు ప్రమాదం జీపీఎస్ అబద్ధం చెప్పినప్పుడు. కొన్ని ప్రాంతాల్లో ఎవరో నకిలీ సంకేతాలు పంపి విమానానికి తప్పు చోటు చూపిస్తున్నారు. దీన్ని స్పూఫింగ్ అంటారు. తూర్పు మధ్యధరా, ఇరాక్, ఇరాన్ పరిసరాల్లో ఇది పెరగడంతో 2023 నవంబరులో మన పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ విమానయాన సంస్థలను హెచ్చరించింది. 2025 నవంబరులో ఢిల్లీ పరిసరాల్లోనూ ఇలాంటి ఘటనలు జరిగాయి. అప్పుడు సింథటిక్ విజన్ తప్పు చోటును అంతే అందంగా గీసి చూపిస్తుంది. గడియారం సమయం ఒక్కసారిగా మారిపోవడం, నేల మీది రేడియో కేంద్రం నుంచి కొలిచే డీఎంఈ దూరం జీపీఎస్ దూరంతో కలవకపోవడం, బల్ల పరుపు నేల మీద "పుల్ అప్" హెచ్చరిక రావడం దీని లక్షణాలు. అనుమానం రాగానే బొమ్మను ఆపేయండి, ఐఎల్ఎస్‌కు రండి, ఏటీసీకి చెప్పండి. హెచ్చరిక నకిలీదని ఖాయంగా తేలే వరకు మాత్రం పైకే లేవండి.

డేటాబేస్‌లో ఆ విమానాశ్రయమే లేకపోతే? 2010 ఏప్రిల్ 10న రష్యాలోని స్మోలెన్స్క్‌లో పొగమంచులో దిగబోయి పోలండ్ అధ్యక్షుడి విమానం కూలింది, 96 మంది చనిపోయారు. ఆ విమానంలో నేల హెచ్చరిక పరికరం ఉంది. స్మోలెన్స్క్ సైనిక విమానాశ్రయం మాత్రం దాని డేటాబేస్‌లో లేదు. ప్రమాదానికి కారణాలు ఇంకా ఎన్నో ఉన్నాయి. కానీ పరికరానికి తెలియని చోట అది చేయగల సాయం ఎంతో ఆ రోజు లోకం చూసింది. చిన్న ఎయిర్‌స్ట్రిప్‌లకు వెళ్లేవారు బయలుదేరే ముందే అది తెరపై ఉందో లేదో వెతికి చూసుకోవాలి.

సాధన

సిమ్యులేటర్‌లో నేను చేయించే క్రమం ఇది. మొదటి మూడు అప్రోచ్‌లు సింథటిక్ విజన్ లేకుండా, సూదులతోనే. తర్వాతి మూడు దానితో, కానీ పెట్టెల దారి లేకుండా. ఆపైన ఐదింటిలో ఏదో ఒకదానిలో, ముందు చెప్పకుండా, 500 అడుగుల దగ్గర తెర బొమ్మను నేను ఆపేస్తాను. చెయ్యి వణకకుండా కొనసాగితే సూదుల అలవాటు నిలిచినట్టే. మరొక దానిలో క్యూఎన్‌హెచ్‌ను 10 తప్పుగా చెబుతాను, పట్టుకుంటారో లేదో చూస్తాను. చివర్లో దృశ్యమానతను ఒకసారి 800, ఒకసారి 550, ఒకసారి 200 మీటర్లకు మార్చుతాను, ఏది ఎప్పుడో చెప్పను. ఇంట్లో ఒంటరిగా సాధన చేసేవారు వాతావరణాన్ని యాదృచ్ఛికంగా మార్చే అమరిక పెట్టుకోవచ్చు. ప్రతిసారీ 200 దగ్గర ఒక మాట పైకి అనాలి: "లైట్లు" లేదా "గో అరౌండ్" (దిగడం మానేసి పైకి లేవడం). ఆ మాట అంటున్నప్పుడు కళ్లు కిటికీలోనే ఉండాలి.

ఆ కుర్రాడు వారం తర్వాత మళ్లీ వచ్చాడు. దృశ్యమానతను 200 మీటర్లకు పెట్టాను. కుడి గాలి 15 నాట్లు. తెరపై రన్‌వే ఎడమకు జరిగి, ఎప్పటిలాగే మెరుస్తోంది. 300 అడుగుల దగ్గర తల ఎత్తాడు, ముక్కుకు ఎడమ వైపు తెల్లటి శూన్యంలోకి చూశాడు. "మినిమమ్స్" అంది యంత్రం. "గో అరౌండ్ సార్" అన్నాడు, అప్పటికే అతని చెయ్యి థ్రాటిల్‌ను చివరి దాకా తోసేసింది.